అవతలివాళ్ళ కుర్చీలో ఒక పూట

ఆ ఆదివారం మా అక్క వాళ్ళింటికి వెళ్ళేసరికి ఇంట్లో గాలి కాస్త వేడిగానే ఉంది. టేబుల్ మీద పొద్దుటి ఉప్మా చల్లారిపోయింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా అక్క కూతురు కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని ముఖం ముడుచుకు కూర్చుంది. అటు వరండాలో మంచం మీద వాళ్ళ బాపమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఎనభై అయిదేళ్ళ మనిషి. మనవరాలంటే ప్రాణం. అలాంటిది ఆ పిల్ల పిలిస్తే పలకడం లేదు!

"ఏమైందే?" అనడిగితే అక్క నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చెప్పింది.

"ఏముంది, ఐక్యరాజ్య సమితి తిన్నగా మన ఇంటికే వచ్చి కూచుంది! వీళ్ళ కాలేజీలో పిల్లలంతా దేశాల ప్రతినిధుల్లా కూచుని వాదించుకుంటారట. ఇది చీటీ తీస్తే నిజాం తరఫు ప్రతినిధి వచ్చింది. అత్తమ్మ ఊరుకుంటుందా?"

మంచం మీంచి గొంతు వినిపించింది. "రజాకార్ల దిక్కు మాట్లాడనీకా దాన్ని అంత ఖర్చు పెట్టి చదివిస్తున్నరు? మేం జొన్న చేన్లల్ల దాసుకొని పానాలు కాపాడుకున్నం. గిప్పుడు నా మనవరాలే లేసి నిలవడి నిజాం మంచోడని చెప్తదా?"

పిల్ల కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "నేను మంచోడని చెప్పట్లేదు పిన్నీ, కేసు చెప్తున్నానంతే. నా చీటీ ఇంకొకరికి ఇచ్చేయనా?"

మీ ఇంట్లో అయితే ఏం చేసేవారు? "పోనీలే అమ్మా, మానెయ్యి" అనేవారా? నేనూ అదే అందామనుకున్నాను. ఎందుకనో ఆగాను. ఆ ఆగడం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ముందు అసలీ పిల్లల ఐక్యరాజ్య సమితి కథేమిటో చూద్దాం.

బొమ్మల కొలువు కాదు

దీని పేరు మోడల్ యునైటెడ్ నేషన్స్. పిల్లలు ముద్దుగా 'మన్' అంటారు. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో చాలా స్కూళ్ళు, కాలేజీలు దీన్ని జరుపుతున్నాయి. మీ అబ్బాయో అమ్మాయో హఠాత్తుగా "అమ్మా, నాకు ఓ ఫార్మల్ డ్రెస్ కావాలి, నేను ఫ్రాన్స్‌ని" అన్నారంటే కంగారు పడకండి. ఇదే సంగతి!

ఇది నిన్నమొన్న పుట్టిన వింత కాదు. ఐక్యరాజ్య సమితి పుట్టింది 1945 అక్టోబర్ 24న. అంతకుముందు నానాజాతి సమితి ఉండేది కదా, ఆ రోజుల్లోనే, అంటే 1920లలోనే, అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు దానికి నమూనా సభలు పెట్టి వాదించుకున్నారు. సమితి మారింది, నమూనా కూడా మారింది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో హైస్కూలు పిల్లల కోసం 1968లో మొదలైన సభ ఇప్పటికీ ప్రసిద్ధమే.

ఆట ఎలా ఉంటుందంటే... ఒక్కో విద్యార్థికి ఒక్కో దేశం ఇస్తారు. ఆ దేశం పేరు రాసిన అట్టముక్క ఎదురుగా పెట్టుకుని కూర్చోవాలి. మాట్లాడాలంటే దాన్ని ఎత్తి చూపాలి. అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్ళు పిలిస్తే తప్ప నోరు విప్పకూడదు. ఇచ్చిన నిమిషమో, నిమిషంన్నరో దాటితే సుత్తి టక్‌మంటుంది. అక్కడితో ఆపాల్సిందే.

ఇందులో గొప్ప నియమం ఒకటుంది. 'నేను' అనకూడదు. "నాకు అనిపిస్తోంది" అంటే కుదరదు. "కెనడా ఇలా భావిస్తోంది" అనాలి. సొంత ఇష్టాలు, కోపాలు గుమ్మం బయట వదిలేసి రావాలన్నమాట. పాకిస్తాన్ చీటీ వచ్చిన భారతీయ పిల్లవాడు పాకిస్తాన్ వాదాన్ని చదివి, అర్థం చేసుకుని, నిలబడి చెప్పాలి. ఒప్పుకోనక్కర్లేదు. అర్థం చేసుకోక మాత్రం తప్పదు.

సభకు ముందే తమ దేశం వైఖరిని ఒకటి రెండు పేజీల్లో రాసి ఇవ్వాలి. సభ మొదలయ్యాక ఒకరి తర్వాత ఒకరు ప్రసంగాలు. మధ్యమధ్య విరామం ఇస్తారు. విరామమంటే టీ, బిస్కెట్లకని అనుకునేరు! అసలు పని జరిగేది అప్పుడే. కుర్చీల్లోంచి లేచి గుంపులు గుంపులుగా చేరి, "మీరు ఈ మాట తీసేస్తే మేం సంతకం పెడతాం" అని బేరాలాడుకుంటారు. కూరగాయల బండి దగ్గర మనం చేసే పనే! ఆ బేరాల్లోంచి ఓ ముసాయిదా తీర్మానం పుడుతుంది. దానికి సవరణలు, ఆపైన ఓటింగు.

శాంతి భద్రతల గొడవలు తేల్చేది ముఖ్యంగా భద్రతామండలి. 15 దేశాలుంటాయి. అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ శాశ్వత సభ్యులు. మిగతా 10 దేశాలూ రెండేళ్ళ కాలానికి ఎన్నికై వచ్చేవి. తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు కావాలి. అయితే శాశ్వత సభ్యుల్లో ఒక్కరు 'వద్దు' అన్నా అంతా గోవిందా! 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద దాడిని ఖండించే తీర్మానానికి 11 దేశాలు ఓటేశాయి. రష్యా ఒక్కటే కాదంది. భారత్, చైనా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఎటూ ఓటెయ్యలేదు. తీర్మానం వీగిపోయింది. పాఠ్యపుస్తకంలో 'వీటో' అన్న రెండక్షరాలు బట్టీ పట్టిన పిల్లకీ, తాను రెండ్రోజులు కష్టపడి కూడగట్టిన తీర్మానాన్ని పక్క కుర్చీ అబ్బాయి ఒక్క చెయ్యెత్తి పడగొట్టగా చూసిన పిల్లకీ తేడా లేదంటారా?

మన ఊరి గొడవ పారిస్‌కి వెళ్ళిన వేళ

మామూలుగా ఈ సభల్లో ఇప్పటి సమస్యలే చర్చిస్తారు. అప్పుడప్పుడు మాత్రం పాత సంవత్సరంలోకి వెళ్ళి, ఆనాటి మండలినే మళ్ళీ కూర్చోబెడతారు. మా పిల్ల కాలేజీవాళ్ళు ఎంచుకున్నది 1948 భద్రతామండలి. అంశం హైదరాబాద్ సమస్య.

అవునండీ, మన హైదరాబాద్ గొడవ ఐక్యరాజ్య సమితి దాకా వెళ్ళింది! హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. నాకూ ఆ రోజే తెలిసింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక నిజాం భారత్‌లో కలవనన్నాడు. 1947 నవంబర్ 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం మాత్రం కుదిరింది. ఆ ఏడాదీ ప్రశాంతంగా గడవలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల ఆగడాలు ఒకవైపు, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఇంకోవైపు. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం సరిహద్దులు దాటింది. దాన్నే మనం పోలీసు చర్య అంటున్నాం.

మండలి పారిస్‌లో సమావేశమైంది సెప్టెంబర్ 16న. అంటే సైన్యం కదిలిన నాలుగోరోజున. అప్పట్లో మండలిలో సభ్యులు 11 మందే. శాశ్వత సభ్యులు అయిదుగురు కాక అర్జెంటీనా, బెల్జియం, కెనడా, కొలంబియా, సిరియా, ఉక్రెయిన్ ఉండేవి. బ్రిటన్ ప్రతినిధి సర్ అలెగ్జాండర్ కడోగన్ అధ్యక్షుడు. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున సర్ ఎ. రామస్వామి మొదలియార్ మాట్లాడారు. వాళ్ళిద్దరికీ ఓటు లేదు. పిలిస్తే వచ్చి తమ వాదం చెప్పుకునే హక్కే ఉంది.

"మేం స్వతంత్ర రాజ్యం, మా మీదికి సైన్యం వచ్చింది, ఆపండి" అన్నది నిజాం ప్రతినిధి వాదం సారాంశం. "హైదరాబాద్ ఎన్నడూ స్వతంత్ర రాజ్యం కాదు, కనుక ఇక్కడికి ఫిర్యాదు తెచ్చే అర్హతే దానికి లేదు. ఇది మా ఇంటి వ్యవహారం" అన్నది భారత్ వాదం. అర్హత సంగతి తర్వాత తేలుద్దాం, ముందు విందాం అంటూ 8 దేశాలు చర్చకు ఒప్పుకున్నాయి. మూడు ఓటెయ్యలేదు. తమాషా ఏమిటంటే, అక్కడ మాటలు మొదలైన మర్నాడే, సెప్టెంబర్ 17న, ఇక్కడ నిజాం లొంగిపోయాడు. 22న, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని సమితికి తంతి పంపాడు. 1949 మేలో పాకిస్తాన్ ఈ విషయాన్ని మండలిలో మళ్ళీ లేవదీసింది గానీ, ఏ తీర్మానమూ చెయ్యకుండానే కథ ముగిసింది.

ఇదీ మా పిల్ల చేతికొచ్చిన చీటీ. ఓడిపోయిన కేసు. ఇంట్లో బాపమ్మకే గిట్టని కేసు.

బాపమ్మ చెప్పని సగం

ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. భోజనాలయ్యాక పిల్ల వెళ్ళి బాపమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. వాదించలేదు. "అప్పుడు మీ ఊళ్ళో ఏం జరిగింది బాపమ్మా? నాకు పుస్తకాల్లోది వద్దు, నువ్వు చూసింది చెప్పు" అంది.

బాపమ్మది నల్లగొండ జిల్లాలో ఓ పల్లె. అప్పటికి ఏడెనిమిదేళ్ళ పిల్ల. రజాకార్లు వస్తున్నారని తెలియగానే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చేలల్లోకి పరుగులు తీసేవాళ్ళట. చంటిపిల్ల ఏడిస్తే పదిమంది ప్రాణాలమీదికి వస్తుందని తల్లి కొంగు నోట్లో కుక్కేదట. ఇదంతా మేం ఎప్పుడూ వినేదే. ప్రతి పండక్కీ వింటాం.

"మరి పోలీసు చర్య అయిపోయాక?" అని అడిగింది పిల్ల.

బాపమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పాన్‌దాన్ తెరిచి మూసింది.

"మా ఎన్క ఇంట్ల సాయిబుల ఆమె ఉండె. పొట్టకు పెట్టుకుంటే తినే మనుషులే, ఎవ్వల జోలికి పోయినోళ్ళు కాదు. పటేలు చేన్ల పనికి పొయ్యేటోళ్ళు. మిలిటరీ వచ్చినంక ఊర్లె కొందరు వాళ్ళ ఇండ్ల మీద వడ్డరు. ఆమె మొగన్ని... వద్దులే బిడ్డా. ఆమె పసిపిల్లను పట్టుకొని దొడ్డితొవ్వ నుంచి మా ఇంట్లకొచ్చింది. మా అవ్వ గుమ్మి ఎన్క దాసింది. మూడు దినాలు. మా నాయనకు సుత చెప్పలే. నేనే గటుక పొయ్యేటిదాన్ని. ఆ పసిపిల్ల ఏడిస్తే ఆమె గుడ కొంగే కుక్కింది."

ఆ మాట విన్నాక మేమెవ్వరం మాట్లాడలేకపోయాం. మా అక్కకు ఆ ఇంటికి కోడలుగా వచ్చి పాతికేళ్ళు. ఈ సగం ఎన్నడూ వినలేదట. ఎందుకు చెప్పలేదంటే, "ఎవ్వలడిగిన్రు?" అంది బాపమ్మ.

పోలీసు చర్య తర్వాత జరిగిన హింస మీద అప్పటి కేంద్ర ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఓ బృందాన్ని పంపింది. చర్య సమయంలోనూ, ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. మా పిల్ల తన కాగితాల కట్టలో ఆ అంకె కింద ఎర్రగీత గీసుకుంది. అంతకుముందే రజాకార్ల దాడుల కింద కూడా అదే ఎర్రగీత ఉంది.

"చెప్పు మరి నీ కేసు" అంది బాపమ్మ, దుప్పటి కప్పుకుంటూ. "అయితే రజాకార్లు చేసింది రైటని మాత్రం అనకు. అంటే ఇంట్లకు రానియ్య."

ఆ పూట సభలో

సభ రోజున నేనూ వెళ్ళి వెనకవరసలో కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, మొదటి గంటసేపు నాకు భయమేసింది. మగపిల్లలు గలగలా మాట్లాడేస్తున్నారు. ఆడపిల్లల్లో నలుగురైదుగురు అట్టముక్క సగం ఎత్తి మళ్ళీ దించేస్తున్నారు. మనింట్లో మనం చేసే పనే కదూ ఇది? నలుగురు మగవాళ్ళు రాజకీయాలు మాట్లాడుకుంటుంటే మన నాలుక చివరిదాకా వచ్చిన మాటను కాఫీ గ్లాసులతో పాటు వంటింట్లోకి తీసుకుపోమూ?

మా పిల్ల వంతు వచ్చింది. మొదట గొంతు వణికింది. నిజాం గొప్పవాడని చెప్పలేదు. రజాకార్లను సమర్థించలేదు. సమితి నియమావళి రెండో అధికరణంలో బలప్రయోగం కూడదని ఉందనీ, తగాదా ఉంటే ముందు సంప్రదింపులు, మధ్యవర్తిత్వం వంటి దారులు వెతకాలని 33వ అధికరణం చెబుతోందనీ, ఆ దారులన్నీ నిజంగా మూసుకుపోయాయో లేదో మండలి తేల్చాలనీ అంది. తొంభై సెకన్లలో ముగించింది.

భారత్ చీటీ వచ్చిన అబ్బాయి కూడా బాగా చదివి వచ్చాడు. "నియమావళి రాజ్యాల మధ్య తగాదాలకు. హైదరాబాద్ రాజ్యమే కానప్పుడు ఆ అధికరణాలు ఎలా వర్తిస్తాయి? ప్రజల్లో అత్యధికులు భారత్‌లో కలవాలంటుంటే ఒక్క పాలకుడి మాట చెల్లుతుందా?" అని సూటిగా అడిగాడు. ఈ ప్రశ్నకు పిల్ల దగ్గర సరైన జవాబు లేదు. లేదని ఒప్పుకోకుండా మాట మార్చబోయి, అధ్యక్షురాలి చేత చీవాట్లు కూడా తింది!

మధ్యాహ్నం తర్వాత అసలు మలుపు వచ్చింది. ఈ సభల్లో ఉన్నట్టుండి ఓ 'అత్యవసర వార్త' కాగితం అందిస్తారు. దానికి తగ్గట్టు అందరూ అప్పటికప్పుడు వైఖరి మార్చుకోవాలి. ఆ రోజు వచ్చిన కాగితంలో ఉన్నది నిజాం తంతి. ఫిర్యాదు వెనక్కి! ఒక్కసారిగా మా పిల్ల కాళ్ళకింద నేల లేకుండా పోయింది. ఎవరి తరఫున మాట్లాడుతోందో ఆయనే "నాకేం వద్దు" అన్నాక ఇక ఏం మాట్లాడుతుంది?

కూర్చుంటుందనుకున్నాను. అట్టముక్క ఎత్తింది.

"మా పాలకుడు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. మండలి ఈ కేసు మూసెయ్యవచ్చు. అయితే ఈ సమావేశం ముగిసేలోపు ఒక్క విన్నపం. రజాకార్ల చేతుల్లో చనిపోయినవాళ్ళకు ఇక్కడ కుర్చీ లేదు. ఇప్పుడు పల్లెల్లో ప్రతీకారానికి భయపడి దాక్కున్నవాళ్ళకూ కుర్చీ లేదు. వాళ్ళలో చాలామందికి ఈ తగాదాతో సంబంధమే లేదు. వాళ్ళ ప్రాణాలకు రక్షణ కల్పించమని రెండు వైపులనూ కోరుతూ ఒక్క వాక్యమైనా రికార్డులో రాయండి."

ఆ వాక్యం నెగ్గాలంటే 11 ఓట్లలో 7 రావాలి. అవి అప్పటి లెక్కలు. కొలంబియా, కెనడా, సిరియాల దగ్గరికి పరుగెత్తింది. ఇందాక అట్టముక్క దించేసుకున్న ఓ అమ్మాయి బెల్జియం. ఆమె లేచి నిలబడి మాటల కూర్పులో సాయం చేసింది. వచ్చినవి 6 ఓట్లు. ఒక్క ఓటుతో వీగిపోయింది.

బహుమతి కూడా రాలేదు. ఉత్తమ ప్రతినిధి బహుమతి భారత్ అబ్బాయికి వెళ్ళింది. న్యాయంగానే వెళ్ళింది. ఇంటికొస్తూ ఆటోలో పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఒక్క ఓటు పిన్నీ! అర్జెంటీనాని ఇంకో అయిదు నిమిషాలు ముందు కలిసి ఉండాల్సింది" అంటూ దారంతా అదే లెక్క!

ఒక్క మాట మారిస్తే...

ఇదంతా పిల్లల ఆట, దీనివల్ల లోకం మారుతుందా అని మీకు అనిపించవచ్చు. నిజం సభల్లో ఆడవాళ్ళు పట్టుబట్టి మార్పించిన మాటలు కొన్ని ఉన్నాయి.

మానవ హక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు మొదట్లో 'పురుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారు' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు వాక్యం ఉండేది. అలాకాదు, 'మానవులంతా' అని ఉండాలని పట్టుబట్టింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. 1948లో ఆమోదం పొందిన ప్రకటనలో 'మానవులంతా' అనే ఉంది. 1953లో సర్వప్రతినిధి సభకు మొట్టమొదటి మహిళా అధ్యక్షురాలైంది విజయలక్ష్మీ పండిట్. 1996లో జెనీవాలో నిరాయుధీకరణ సభలో అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి మేం ఒప్పుకోమని పెద్ద దేశాల ముఖాన చెప్పిన భారత ప్రతినిధి అరుంధతీ ఘోష్. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అంత ఒత్తిడిలో గొంతు వణక్కుండా 'కాదు' అనడం మాత్రం నేర్చుకోదగ్గ విద్యే!

2000 అక్టోబర్ 31న భద్రతామండలి 1325 నంబరు తీర్మానం చేసింది. యుద్ధాల్లో ఎక్కువ నలిగేది ఆడవాళ్ళూ పిల్లలే గనుక శాంతి చర్చల్లో ఆడవాళ్ళకు చోటుండాలని దాని సారం. చోటు ఉండాలని రాయడం వేరు, ఆ చోట్లో కూర్చుని మాట్లాడగల ఆడపిల్లలు తయారవడం వేరు. తయారయ్యేది ఇలాంటి తరగతి గదుల్లోనే కదా.

మనవాళ్ళకు ఇది అందని ద్రాక్షపండు కూడా కాదు. 2016 నుంచి 2020 వరకు న్యూయార్క్‌లో భారత శాశ్వత ప్రతినిధిగా పనిచేసిన సయ్యద్ అక్బరుద్దీన్ మన హైదరాబాదీయే.

అమ్మలూ, కాస్త వినండి

ఈ సభల్లో అన్నీ మంచే ఉన్నాయనను. కొన్నిచోట్ల ఫీజులు వేలల్లో ఉంటాయి. హోటళ్ళు, కోట్లు, టైలు కలిపితే మధ్యతరగతికి బరువే. ఇంగ్లీషు గడగడా రానివాళ్ళను చిన్నచూపు చూసే పిల్లలూ ఉంటారు. గట్టిగా అరిచినవాడే గెలిచాడనుకునే సభలూ ఉన్నాయి. అందుకని...

పంపేముందు ఎవరు జరుపుతున్నారు, ఎంతసేపు, ఎక్కడ, రాత్రి ఉండాలా, పెద్దవాళ్ళు ఎవరుంటారు అని అడగండి. అడగడం చాదస్తం కాదు.

ఫార్మల్ డ్రెస్ అంటే కోటే కానక్కర్లేదు. ఇస్త్రీ చేసిన చీర, చుడీదార్ చాలా సభల్లో నిక్షేపంగా పనికొస్తాయి. కొత్తది కొనేముందు నిర్వాహకుల్ని కనుక్కోండి.

బహుమతి వచ్చిందా అని మొదటి ప్రశ్న వెయ్యకండి. "ఎవరి వాదం నీకు నచ్చింది? ఎవర్ని ఒప్పించావు?" అని అడగండి.

ఇంటర్నెట్‌లో దొరికిందల్లా నమ్మొద్దని చెప్పండి. సమితి సమావేశాల పాత రికార్డులు ఉచితంగానే చదువుకోవచ్చు. మా పిల్ల 1948 నాటి ప్రసంగాలు అలాగే చదివింది.

డబ్బు పెట్టలేకపోతే దిగులొద్దు. ఓ గది, పదిహేను కుర్చీలు, పాత అట్టపెట్టెలు కోసి రాసిన దేశాల పేర్లు ఉంటే చాలు. ఓ టీచరమ్మ పూనుకుంటే ఏ ఊరి స్కూల్లోనైనా పెట్టొచ్చు. తెలుగులో పెడితే ఎవరు కాదంటారు? దేశానికి ఇద్దరు పిల్లల్ని కలిపి కూర్చోబెడితే, బిడియపడే పిల్లకు తోడూ ఉంటుంది.

ఇంకొక్క మాట. ఇంట్లోనే ఓ ఆట ఆడి చూడండి. అన్నాచెల్లెళ్ళు దేనికోసమైనా కొట్లాడుకుంటుంటే తీర్పు చెప్పకండి. "నువ్వు అన్నయ్య తరఫున ఓ నిమిషం మాట్లాడు, వాడు నీ తరఫున మాట్లాడతాడు" అనండి. మొదట నవ్వుతారు. తర్వాత ఆలోచనలో పడతారు. మనం కూడా అత్తగారి తరఫునో, తోడికోడలి తరఫునో ఓ నిమిషం మనసులో మాట్లాడుకుంటే తప్పేం లేదు. ఒప్పుకోనక్కర్లేదు సుమా! అర్థం చేసుకుంటే చాలు.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి బాపమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "ఏమాయె? గెల్సినవా?"

"లేదు బాపమ్మా, ఓడిపోయాను. ఒక్క ఓటు తక్కువైంది."

"దేనికి?"

పిల్ల ఆ ఒక్క వాక్యం చదివి వినిపించింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి నెమ్మదిగా, ఒక్కో మాటా విప్పి చెప్పింది. బాపమ్మ వింటూ కూర్చుంది. తర్వాత లేచి లోపలికి వెళుతూ అంది.

"కాళ్ళు కడుక్కోపో. అన్నం పెడత. మా అవ్వ ఉంటే నీకు ఆ ఒక్క ఓటు ఏసు బిడ్డా."